ఇంటెగ్రా స్కిన్: మా మేనకోడలి మోచేతికి వేయించాం, 5కి 4

కాలిన మచ్చ బిగుసుకుపోయి చెయ్యి చాపలేని వాళ్ళకి ఇంటెగ్రా అనే ఈ కృత్రిమ చర్మం నిజంగా పనిచేస్తుందండి, డబ్బు సర్దుకోగలిగితే వెనకాడొద్దు. మా అక్క కూతురికి చిన్నప్పుడు అరిసెల మూకుడు మీద పడి మోచెయ్యి లోపలివైపు చర్మం ముడుచుకుపోయింది, పై అరలో డబ్బా అందుకోవాలన్నా చెయ్యి సాగేది కాదు. గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో ఆపరేషన్ చేయించాం.

దీన్లో రెండు పొరలుంటాయి, కింద చర్మంలో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌, మృదులాస్థిలో ఉండే కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే పదార్థం కలిపి స్పాంజీలా చేసింది, పైన పల్చటి సిలికాన్. ముడత కోసి విడదీశాక ఆ పచ్చి గాయం మీద పరిచి పిన్నులు కొడతారు. దొండపాదు పందిరికి పాకినట్టు మన కణాలు, రక్తనాళాలు ఆ సన్న రంధ్రాల్లోకి పాకుతాయి, అవి అల్లుకునేకొద్దీ ఆ పందిరి కరిగిపోయి మన సొంత లోపలి చర్మం మిగులుతుంది. రెండు మూడు వారాలయ్యాక సిలికాన్ ఒలిచేసి తొడ నుంచి బాగా పల్చగా తీసిన చర్మం అతికిస్తారు.

డ్రెస్సింగ్ విప్పినప్పుడల్లా డ్యూటీ డాక్టర్ గారు సిలికాన్ కింద రంగు చూపించేవారు, మొదట్లో ఎర్రగా ఉన్నది పోనుపోను లేత గులాబీ అయ్యి తర్వాత కొంచెం పసుపు తిరిగింది, అలా తిరిగితే పట్టుకున్నట్టేనట. అడుగున రక్తం చేరినా చీము పట్టినా ఆ ముక్క తీసేయాల్సొస్తుంది, అందుకే డ్రెస్సింగ్ తడవకుండా చూసుకోవడమే ఇంట్లో వాళ్ళకి అసలు పని.

దీన్ని కనిపెట్టింది అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీలో పాలిమర్ల (పొడవాటి గొలుసు అణువులున్న పదార్థాల) ప్రొఫెసర్ అయోనిస్ యానస్, బోస్టన్ సర్జన్ జాన్ బర్క్. గాయం తొందరగా మూసుకోవాలని కొల్లాజెన్ పెట్టి చూస్తే అది మూసుకోవడం ఇంకా లేటయింది, వేరేవాళ్ళయితే ఫెయిలని పక్కన పడేసేవాళ్ళు, యానస్ మాత్రం గాయం ముడుచుకోవట్లేదని పట్టుకున్నారు. మా పిల్లకి కావాల్సింది సరిగ్గా అదే కదా! 1981లో 10 మంది పేషెంట్ల ఫలితాలు అచ్చువేశారు, 1996కి అమెరికా ఎఫ్‌డీఏ (మందులకి, వైద్య పరికరాలకి అనుమతిచ్చే సంస్థ) అనుమతి వచ్చింది. అంత ఓపిక పట్టినందుకు వాళ్ళిద్దరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఒక మార్కు తగ్గించింది హాస్పిటల్ తీరుకి. రెండో ఆపరేషన్ ఉంటుందని గానీ, ముక్క సైజుని బట్టి రేటని గానీ ముందు చెప్పలేదు. కొల్లాజెన్ ఆవు కండరాల్ని ఎముకలకి కలిపే పట్టీల (టెండన్ల) నుంచి, కాండ్రాయిటిన్ సల్ఫేట్ సొరచేప మృదులాస్థి నుంచి తీస్తారన్న సంగతి కూడా తర్వాతే తెలిసింది, అక్కావాళ్ళ అత్తగారు చాలా నొచ్చుకున్నారు. పిల్ల చెయ్యి కోసమంటే ఆవిడ ఒప్పుకునేవారే, అడిగి చెయ్యాల్సింది కదా, ఇంత పెద్ద విషయం.

ఇప్పుడు చెయ్యి దాదాపు నిటారుగా వస్తోంది. ఆ చోట వెంట్రుకలు మొలవవు, చెమట పట్టదు, గుంటూరు ఎండలకి ఫుల్ హ్యాండ్స్ వేసి పంపుతున్నాం. రాత్రి పూట స్ప్లింట్ (చెయ్యి చాచి ఉంచే గట్టి పట్టీ) మాత్రం పిల్ల ఎంత ఏడ్చినా కట్టాల్సిందే, డాక్టర్ ఆపమనేదాకా మానొద్దు.