లాక్ ఆర్డ్ ఓడ మునిగిన చోట రెండు రాత్రులు

మెల్‌బోర్న్‌లో ఉండే మనవాళ్ల ఇంటికి ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చారంటే సముద్రం ఒడ్డునే సాగే గ్రేట్ ఓషన్ రోడ్ తప్పదు. పొద్దున్నే ఆరింటికి బయలుదేరడం, సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు ట్వెల్వ్ అపాజిల్స్ దగ్గర ఫొటోలు దిగడం, రాత్రి పదకొండింటికి నడుం పట్టుకుని ఇంటికి చేరడం. మా అమ్మానాన్న వచ్చినప్పుడు మేమూ అదే చేశాం. లాక్ ఆర్డ్ గోర్జ్ (అక్కడ మునిగిన ఓడ పేరే పెట్టిన, కొండల మధ్య ఇరుకు సముద్రపు పాయ) దగ్గర పావుగంట ఆగాం, నేను అక్కడి బోర్డు సగం చదివేలోపే మావారు కారు హారన్ కొట్టారు. అందుకే ఈసారి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చినప్పుడు జూన్ లాంగ్ వీకెండ్‌కి రెండు రాత్రులు అక్కడే ఉందామని పట్టుబట్టాను. చలికాలం, వాన, గాలి అని అందరూ వద్దన్నారు. కానీ ఆ ఓడ మునిగింది జూన్‌లోనే, చూస్తే అప్పుడే చూడాలి అనిపించింది.

వెళ్లేటప్పుడు సముద్రం పక్క రోడ్డు, వచ్చేటప్పుడు కొలాక్ మీదుగా లోపలి రోడ్డు. రెండువైపులా సముద్రం రోడ్డే పట్టుకోకండి, మలుపులకి పెద్దవాళ్లకి కడుపులో తిప్పేస్తుంది. అపోలో బేలో పెట్రోల్ నింపుకోండి, అది దాటాక చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

మొదట కేప్ ఆట్వే లైట్‌హౌస్, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొసన ఉంటుంది. మెయిన్ రోడ్డు నుంచి 12 కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి, టికెట్ ఉంది. చాలామంది అంత దూరం ఎందుకులే అని వదిలేస్తారు గానీ, ఈ తీరంలో ఇన్ని ఓడలు ఎందుకు పోయాయో అర్థమయ్యేది అక్కడ నిలబడితేనే. ఇంగ్లండ్ నుంచి వచ్చే తెరచాప ఓడలు వారాల తరబడి నేల అన్నదే చూడకుండా వచ్చి, ఈ కేప్‌కీ అటువైపున్న కింగ్ ఐలండ్‌కీ మధ్య సుమారు 90 కిలోమీటర్ల సందులోంచి దూరాలి. లెక్క కాస్త ఇటు తప్పితే ఈ కొండలు, అటు తప్పితే ఆ దీవి. 1845లో కెటరాక్వి అనే వలసదారుల ఓడ ఆ దీవికి కొట్టుకుని 400 మంది దాకా పోయారు, బతికింది తొమ్మిది మందే. 1848లో ఇక్కడ దీపం వెలిగించారు. మామయ్యగారిది బందరు. "మంగినపూడి లైట్‌హౌస్ పక్కనే పుట్టి ఏనాడూ ఎక్కలేదు, ఇక్కడికొచ్చి ఎక్కుతున్నా" అంటూ ఆ మెలికల మెట్లన్నీ ఆగి ఆగి ఎక్కారు. పైన బాల్కనీలో గాలికి మంకీ క్యాప్ ఎగిరిపోబోయింది, రెండు చేతులతో పట్టుకున్నారు.

దారిలో మూన్‌లైట్ హెడ్ దగ్గర రెక్ బీచ్‌కి నేనూ మావారూ మాత్రమే దిగాం. 350కి పైగా మెట్లు, ఆటు సమయంలోనే వెళ్లాలి, పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు. ఇసకలో రెండు లంగర్లు దిగబడి ఉంటాయి, తుప్పు పట్టి అట్టలు అట్టలుగా లేచిపోతున్నాయి. ఒకటి 1869లో మునిగిన మారీ గాబ్రియెల్‌ది, ఇంకోటి 1891లో హాంబర్గ్ నుంచి వస్తూ పగిలిన ఫిజీ ఓడది. ఫిజీ మీదనుంచి ఒక కుర్రాడు నడుముకి తాడు కట్టుకుని ఒడ్డుకి ఈదాడట, నాచులో తాడు చిక్కుకుంటే కత్తితో కోసేసుకుని ప్రాణం దక్కించుకున్నాడు. ఆ ఓడలో సరుకు పియానోలు, పిల్లల ఆటబొమ్మలు, మద్యం. ఒడ్డుకి కొట్టుకొచ్చిన వాటి కోసం జనం ఎగబడ్డారు. ఎక్కడైనా జనం జనమే.

మొదటి రాత్రి పోర్ట్ క్యాంప్‌బెల్. చిన్న ఊరు, ఒక వీధి. మోటెల్ గది శుభ్రంగానే ఉంది, కానీ హీటర్ అర్ధరాత్రి ఆగిపోయింది. రిసెప్షన్‌లో ఎవరూ లేరు, నంబరుకి చేస్తే వాయిస్ మెయిల్. పొద్దున్న అడిగితే సారీ చెప్పి ఒక కాఫీ ఇచ్చారు, డబ్బు మాత్రం ఒక్క డాలర్ తగ్గించలేదు. భోజనం సంగతి కూడా చెప్పాలి. ఎనిమిది దాటితే వంటిళ్లు కట్టేస్తారు, శాకాహారులకి చిప్సే గతి. మేం వెళ్లిన చోట వెజ్ బర్గర్ అని చెప్పి బన్నులో ఒక పుట్టగొడుగు పెట్టి ఇచ్చారు, అత్తయ్యగారు దాన్ని తెరిచి చూసి మళ్లీ మూసేశారు. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లండి, మొహమాటం వద్దు.

హీటర్ పోయిన పుణ్యమా అని తెల్లవారుజామున నాలుగింటికి అందరం మేలుకునే ఉన్నాం. బయట చీకటి, సముద్రం హోరు తప్ప ఏం లేదు. 1878 జూన్ 1న సరిగ్గా ఈ వేళకే లాక్ ఆర్డ్ మీద పొగమంచు విడిందట. ఇనుప ఓడ, గ్లాస్గోలో 1873లో కట్టింది, ఇంగ్లండ్‌లోని గ్రేవ్‌సెండ్ నుంచి మూడు నెలల ప్రయాణం, 54 మంది. మెల్‌బోర్న్ వచ్చేసిందని ముందురోజు రాత్రి పార్టీ కూడా చేసుకున్నారు. కెప్టెన్ జార్జ్ గిబ్ వయసు 29, కొత్తగా పెళ్లయినవాడు, ఆట్వే దీపం కోసం రాత్రంతా చూస్తూనే ఉన్నాడు. మంచు తొలగేసరికి కనిపించింది దీపం కాదు, ఎదురుగా కొండ. ఓడని తిప్పబోయాడు, లంగర్లు వేశాడు, పట్టు దొరకలేదు. మటన్‌బర్డ్ ఐలండ్ దగ్గర రాళ్లకి తగిలి పావుగంటలోపే మునిగిపోయింది. దుప్పట్లు కప్పుకుని ఇదంతా చెప్తుంటే అత్తయ్యగారు "పొద్దున్నే ఏం కథలే తల్లీ" అన్నారు గానీ, ఆ తర్వాత ఏమైందని అడిగిందీ ఆవిడే.

మిగిలినదంతా తెల్లారాక గోర్జ్ దగ్గరికెళ్లి చెప్పాను. ఎనిమిదిన్నరకి పార్కింగ్‌లో మాది మూడో కారు. టూర్ బస్సులు పదకొండు తర్వాతే వస్తాయి, కాబట్టి రాత్రి అక్కడ ఉండటంలో అసలు లాభం ఇదే. ముందు పైనున్న సమాధుల దగ్గరకి వెళ్లండి, బీచ్‌కి తర్వాత. పోయింది 52 మంది, దొరికిన శవాలు నాలుగే. అందులో రెండు, బతికిన ఇద్దరిలో ఒకరైన ఈవా కార్మైకేల్ అనే అమ్మాయి తల్లివి, అక్కవి. డాక్టరైన తండ్రి, ఓడలో ఉన్న ఐదుగురు తోబుట్టువులు, అందరూ ఆ ఒక్క పూటలో పోయారు. మామయ్యగారు 1977 దివిసీమ ఉప్పెన కళ్లారా చూసిన మనిషి, ఆ రాళ్ల దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "దొరక్కపోవడమే పెద్ద బాధమ్మా" అన్నారు, అంతే.

మెట్లు దిగితే చిన్న ఇసక తిన్నె, మూడువైపులా నిట్టనిలువు గోడలు, ఎదురుగా సందులాంటి నోరు, అందులోంచి అల ఒక్కసారిగా లోపలికి తోసుకొస్తుంది. టామ్ పియర్స్ అనే 18 ఏళ్ల అప్రెంటిస్, అంటే ఓడలో పని నేర్చుకుంటున్న కుర్రాడు, తిరగబడిన పడవని పట్టుకుని ఈ సందులోకే కొట్టుకొచ్చాడు. కొన్ని గంటల తర్వాత ఒక అరుపు వినబడింది. ఈవా, ఒక దూలం పట్టుకుని తేలుతోంది. మళ్లీ నీళ్లలోకి దిగి ఆమెని లాక్కొచ్చి, గుహలో పడుకోబెట్టి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన బ్రాందీ సీసా మెడ విరగ్గొట్టి తాగించాడు. ఆ గోడ ఎక్కి మనుషుల కోసం వెళ్లాడు కూడా. నేను గోడ కింద నిలబడి తల ఎత్తి చూశాను, చేత్తో పట్టుకోడానికి ఎక్కడుందో నాకైతే కనబడలేదు. అప్పటి పత్రికలు, జనం వాళ్లిద్దరికీ పెళ్లి చేసేయాలని తెగ ముచ్చటపడ్డారు. ఆమె కొన్ని నెలలకే ఐర్లండ్ వెళ్లిపోయింది. అతను మళ్లీ ఓడలెక్కాడు, మరుసటి ఏడే ఇంకో ఓడ మునిగినా బతికాడు. పక్కనే రాతి తోరణం 2009లో కూలితే మిగిలిన రెండు స్తంభాలకి టామ్, ఈవా అని పేర్లు పెట్టారు, అంటే జనం పట్టు ఇంకా వదల్లేదన్నమాట.

ట్వెల్వ్ అపాజిల్స్ అక్కడికి 3 కిలోమీటర్లే. అందంగా ఉంటుంది, జనం కూడా అంతే ఉంటారు, అరగంట చాలు.

రెండో రాత్రికి వార్నంబూల్, గంట ప్రయాణం. అది అసలైన ఊరు, సూపర్‌మార్కెట్లున్నాయి, ఇండియన్ భోజనం దొరికింది, గదికి ముందటిదానికంటే 30 డాలర్లు తక్కువ, హీటర్ పనిచేసింది. తిరిగి వెళ్తే రెండు రాత్రులూ ఇక్కడే తీసుకుని పొద్దున్నే గోర్జ్‌కి డ్రైవ్ చేస్తాను. ఫ్లాగ్‌స్టాఫ్ హిల్ మ్యూజియం ఇక్కడే. పాతకాలం రేవు ఊరిని మళ్లీ కట్టి పెట్టారు, రాత్రి సౌండ్ అండ్ లైట్ షో కూడా ఉంది, మేం చలికి ఎగ్గొట్టాం. ఒక పూట పెట్టుకోండి.

అక్కడ అందరూ చూసేది నెమలి. మింటన్ కంపెనీ చేసిన పింగాణీ నెమలి, మనిషి భుజం ఎత్తు, 1880 మెల్‌బోర్న్ ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి లాక్ ఆర్డ్‌లో పంపారు. 52 మంది పోయిన చోట ఇది పెట్టెలోనే తేలుతూ ఒడ్డుకి చేరింది, ముక్కు దగ్గర చిన్న పెచ్చు ఊడిందంతే. మామయ్యగారు జేబులోంచి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, అద్దానికి ముక్కు ఆనించి ఆ పెచ్చు కోసం వెతికారు. అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి. అత్తయ్యగారు మాత్రం నెమలి వైపు ఒక్క చూపు చూసి, పక్క అద్దాల పెట్టెలో ఒడ్డుకి కొట్టుకొచ్చిన చిన్నాచితకా సామాన్ల దగ్గరే నిలబడిపోయారు, మేం రెండుసార్లు పిలిచేదాకా.