గాంధారం ఏదమ్మా? మూడేళ్లు వాడిన ఇయర్‌బడ్స్ మీద నా మాట

మా ఇల్లు విజయవాడలో, ఉద్యోగం గుంటూరులో. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట రైల్లోనే. కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు దాటుకుంటూ వెళ్లేటప్పుడు సగం కచేరీ, వచ్చేటప్పుడు మిగతా సగం వింటాను. 2022 దసరాకు 8,500 రూపాయలు పెట్టి కొన్న వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ తమ ఆయుష్షులో ఎక్కువ భాగం ఆ దారిలోనే గడిపాయి. ఆ మోడల్ ఇప్పుడు దుకాణాల్లో దొరకడం లేదు కనుక దాని పేరు చెప్పి లాభం లేదు. కర్ణాటక సంగీతం వినేవాళ్లు ఏమి విని కొనాలి, కొన్నాక ఏమేమి ఎదురవుతాయి అన్నదే రాస్తున్నాను.

అంతకుముందు ఒక జత కొని నాలుక కరుచుకున్నాను. దుకాణంలో కుర్రవాడు ఒక సినిమా పాట పెట్టి వినిపించాడు. దరువు గుండెల్లో మోగింది. బాగుందనుకుని తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి తోడి ఆలాపన పెడితే అదీ బాగానే ఉంది. పల్లవి ఎత్తుకుని మృదంగం కలిసేసరికి అసలు రంగు బయటపడింది. మృదంగం ఎడమవైపు మూత, అంటే తొప్పి మీద దెబ్బ పడ్డప్పుడల్లా గాయకుడి గొంతు గోడ వెనక్కి వెళ్లి వస్తున్నట్టుంది. నా చెవులదే లోపమేమోనని ఆదివారం సంగీత పాఠానికి వెళ్లినప్పుడు మాస్టారి దగ్గర పెట్టాను.

మాస్టారికి డెబ్బై దాటాయి. ఇలాంటివి ఆయన ఎప్పుడూ చెవిలో పెట్టుకోలేదు. ఫోనులో తంబురా మోగించి, రెండు బడ్లూ నేనే సరిచేసి పెట్టాను. కళ్లు మూసుకుని అర నిమిషం విన్నారు.

"షడ్జం ఉంది, పంచమం ఉంది. గాంధారం ఏదమ్మా?" అన్నారు.

రెండూ తీసి నా అరచేతిలో పెట్టి, గోడకు ఆనించి ఉన్న తన తంబురా ఒళ్లోకి తీసుకున్నారు. ఆ జత సంగతి ఇక మాట్లాడలేదు.

సంగీతం నేర్చుకోనివారి కోసం చిన్న వివరణ. తంబురాకు నాలుగు తీగలు. ఒకటి పంచమం (ప), రెండు షడ్జాలు (స), చివరిది మంద్ర షడ్జం, అంటే కింది స్థాయి స. గాంధారానికి (గ) తీగ లేదు. అయినా శ్రుతి చక్కగా కలిసిన తంబురాలో నాలుగో తీగ మీటగానే, ఆ మోతలోంచి సన్నగా అంతర గాంధారం పైకి తేలుతుంది. ఎవరూ మీటకుండానే పుడుతుంది కనుక దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. మాస్టారి శ్రుతి, అంటే ఆయన పాడే ఆధార స్వరం, ఒకటిన్నర. ఆ శ్రుతికి మంద్ర షడ్జం దాదాపు 69 హెర్ట్జ్. దానికి అయిదు రెట్లు, అంటే సుమారు 346 హెర్ట్జ్ దగ్గర ఈ గాంధారం ఉంటుంది. గమనించారా, ఇది కీచుమనే పై స్థాయి ధ్వని కాదు. సినిమా పాటల కోసం బేస్ ఉబ్బించిన బడ్స్‌లో కింది స్థాయి మోత పొంగి పొర్లి, సరిగ్గా ఈ చోటును కప్పేస్తుంది. అందుకే ఆ జతలో మాస్టారికి గాంధారం దొరకలేదు. నాకు తెలిసి ఇయర్‌బడ్స్‌కు ఇంతకు మించిన పరీక్ష లేదు, పైసా ఖర్చు కూడా లేదు.

రెండోసారి దుకాణానికి వెళ్లినప్పుడు ఆ కుర్రవాడి పాటలు వద్దన్నాను. నా ఫోనులోవే పెట్టమన్నాను. మొదట ఉత్త తంబురా, తర్వాత వీణ. వీణ మీద ఒక్క మీటుతో తీగను లాగి రెండు మూడు స్వరాలు పలికిస్తారు కదా, ఆ గమకం చివర నాదం సన్నబడి ఎక్కడ ఆగుతుందో వినపడాలి. నాసిరకం బడ్స్‌లో అది సగంలోనే మాయమవుతుంది. చివరగా తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం ఒంటరిగా మోగే భాగం. మృదంగం కుడివైపున ఉండే కరణి అనే నల్లటి పూత వల్లే ఆ మూతకు స్వరం వస్తుంది. మామూలు డప్పుకు భిన్నంగా మృదంగం శ్రుతిలో ఎందుకు పలుకుతుందో సి.వి. రామన్ 1920లోనే పరిశోధించి రాశారు. బడ్స్‌లో విన్నప్పుడు కుడిచేతి దెబ్బలో ఆ శ్రుతి తెలియాలి, ఎడమచేతి గుంకి, అంటే తొప్పి మీద జారే మోత, గుండ్రంగా జారాలి. రెండూ కలిసి 'ధబ్' అని ఒకే ముద్దగా వినిపిస్తే లేచి వచ్చేయండి. అయిదు జతలు విన్నాను, ఆరోది కొన్నాను. మధ్యలో కుర్రవాడు టీ తాగి వచ్చాడు.

నాయిస్ క్యాన్సిలేషన్ గురించి నాకు మొదట్లో చులకన భావం ఉండేది. ఇప్పుడు అది లేనిది కొనను. బయటి మోతను చిన్న మైకు విని, దానికి సరిగ్గా ఎదురు తరంగం పుట్టించి రద్దు చేయడమే అది చేసే పని. ఒకే తీరున సాగే కింది స్థాయి హోరు మీద బాగా పనిచేస్తుంది. రైలు చక్రాల రొద, ఫ్యాను, ఏసీ అన్నీ మాయం. కృష్ణ మీద వంతెన ఎక్కినప్పుడు కింది గర్జన పోయి, ఇనుప చట్రాల టకటక మాత్రం దూరంగా మిగులుతుంది. సమోసాల అబ్బాయి కేక, చంటిపిల్లల ఏడుపు వంటి వాటిని ఇది ఆపలేదు. తలుపు దగ్గర నిలబడితే గాలి మైకులో దూరి బుస్సుమంటుంది.

అసలు మేలు ఇంకొకటి ఉంది. ఇంతకుముందు రైలు రొదను దాటించడానికి ఫోను శబ్దం 11వ గీత దాకా పెంచేదాన్ని. ఇప్పుడు 7 చాలు. వారానికి 40 గంటలు వినే పెద్దవాళ్లకు 80 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రోజూ వినే నాలాంటివాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సంగీతం కోసం చెవులు పాడుచేసుకుంటే ఇక వినేదేముంది?

ఒకసారి మాత్రం దీని దెబ్బ తిన్నాను. ప్లాట్‌ఫారం మీద సహాన రాగంలో మునిగి ఉండగా, రైలు ఇంకో ప్లాట్‌ఫారానికి మారిందని మైకులో చెప్పిన సంగతి నాకు చేరలేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ భుజం తట్టి, "అమ్మాయీ, మనం అటు వెళ్లాలి" అంటే పరుగెత్తాను. అప్పటినుంచి స్టేషన్‌లో బయటి మాటలు వినిపించే పద్ధతిలోనే పెట్టుకుంటున్నాను.

చెవిలో అమరిక సంగతి కొన్న నెల తర్వాత గాని తెలియలేదు. పెట్టెలో మూడు సైజుల సిలికాన్ తొడుగులు ఇచ్చారు. నా ఎడమ చెవికి పెద్దది, కుడి చెవికి మధ్యరకం కావలసి వచ్చింది. రెండు చెవులూ ఒకలా ఉంటాయనుకుని నెలరోజులు తంబురా ఒక పక్క పలచగా ఉందని కంపెనీని తిట్టుకున్నాను. తొడుగు మారిస్తే రెండు పక్కలా సమానమైంది. నురుగు తొడుగులు ఇంకా బాగా పడతాయి గాని బెజవాడ మే నెల చెమటకు అవి నానిపోయాయి, తీసేశాను. ఎండాకాలంలో గంటకు మించి పెట్టుకుంటే చెవిలో దురద వస్తుంది. తొడుగులు వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి తొడుగుతాను.

పాటను కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతులు, అంటే కోడెక్‌ల గురించి జనం చాలా చర్చిస్తారు. వాటిలో ఒకటైన ఎల్‌డీఏసీని సెకనుకు 990 కిలోబిట్ల దగ్గర పెడితే, రద్దీగా ఉన్న విజయవాడ స్టేషన్‌లో పాట ముక్కలు ముక్కలైంది. 660కి దించాను. తేడా ఇంట్లో నిశ్శబ్దంగా కూర్చుని వెతికితే తెలుస్తుందేమో, నంబూరు దగ్గర తెలియదు. దానికన్నా ఏ స్థాయి శబ్దాన్ని ఆ స్థాయిలో హెచ్చించి తగ్గించే ఈక్వలైజర్‌లో 250 హెర్ట్జ్ దగ్గర రెండు డెసిబెళ్లు తగ్గించడం నాకు ఎక్కువ ఉపయోగపడింది.

సాధన చేసేటప్పుడు మాత్రం ఇవి పనికిరావు. రెండు చెవులూ మూసుకుని పాడితే మన గొంతు తలలోపలే గింగురుమంటుంది, శ్రుతి తప్పినా తెలియదు. పైగా వైర్‌లెస్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఫోనులో తాళం యాప్ తెరమీద దెబ్బ ముందు పడి, చెవిలో తర్వాత వినిపిస్తుంటే ఆది తాళం కూడా తికమక పెడుతుంది. పాడుకోవడానికి 900 రూపాయల వైరు ఇయర్‌ఫోన్ ఒకటి వేరుగా ఉంచుకున్నాను. దాన్ని ఒక్క చెవిలోనే పెట్టుకుంటాను.

నేను ఎక్కువగా వినేవి పాత రేడియో రికార్డింగులు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. భక్తిరంజనితో పొద్దు పొడిచిన ఇళ్లలో మాదీ ఒకటి. బాలమురళీకృష్ణ గారు ఆ కేంద్రంలో పనిచేసినవారు, ఈ ఊరి ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ కూడా. ఆ కాలపు టేపుల్లో బుసబుస ఉంటుంది. పై స్థాయిని పెంచి 'స్పష్టత' అని అమ్మే బడ్స్‌లో ఆ బుస ముందుకొచ్చి, వయొలిన్ గీరుకుపోతుంది. నా జత ఆ విషయంలో సౌమ్యురాలు. ఇంకో సంగతి, అవన్నీ మోనో. రెండు చెవులకూ చేరేది ఒకటే ధ్వని.

రెండో ఏడాది ఎడమ పక్క శబ్దం తగ్గింది. సాహిత్యంలో సకారాలు మెత్తబడ్డాయి. పాడైందనుకున్నాను. వెలుతురులో చూస్తే జాలీ నిండా గులిమి. పొడి టూత్‌బ్రష్‌తో, జాలీ కిందికి ఉండేలా పట్టుకుని రుద్దితే పూర్వపు గొంతు తిరిగొచ్చింది. ఈ మాట పెట్టెలోని కాగితంలో రాసి ఉంటే నాకు రెండు నెలల బెంగ తప్పేది.

బ్యాటరీకి మాత్రం వైద్యం లేదు. కొత్తలో ఆరు గంటలు వచ్చేది. ఇప్పుడు కుడిది నాలుగు, ఎడమది మూడుంపావు. సర్వీసు కేంద్రంలో ఎడమది ఒక్కటే ఇవ్వరట, బ్యాటరీ మార్చరట, కొత్త జత కొనుక్కోమన్నారు. 8,500 పెట్టిన వస్తువుకు మూడేళ్లకే ఈ గతి పట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఇకమీద కొనేటప్పుడు బ్యాటరీ మారుస్తారా అని ముందే అడగాలి.

గుంటూరు రాకపోకలకు ఇవి ఇంకా సరిపోతున్నాయి, అందుకే మార్చలేదు. మొన్న డిసెంబరులో కచేరీల కోసం చెన్నై వెళ్తూ, పాత రేడియో కచేరీ ఒకటి పెట్టుకున్నాను. నెల్లూరు దగ్గర ఎడమది ఆగిపోయింది. మోనో రికార్డింగు కదా, మిగతా పల్లవి కుడి చెవితోనే విన్నాను.