నాయనకు ఇంట్లోనే చేయించిన స్లీప్ స్టడీ, పొగతోట, నెల్లూరు

మా నాయనకు 67 ఏళ్లు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బుకి, రెండేళ్లుగా మాత్రలు మింగుతున్నా గుండె దడ తగ్గలేదు. "నిద్రలో గురక వస్తుందా?" అని గుండె డాక్టరు అడిగేదాకా మాకు ఆ ఆలోచనే లేదు. నిద్రలో మూసుకుపోయిన గొంతుతో గాలికోసం పెనుగులాడేటప్పుడు ఆక్సిజన్ పడిపోతుందంట, గుండె పైగదులు సాగుతాయంట. లయ తప్పడానికి అదీ ఒక కారణమంట.

నిద్రలో ఊపిరి ఎలా ఆడుతుందో చూసే ఈ స్లీప్ స్టడీకి పొగతోట సెంటరు అబ్బాయి సాయంత్రం కోవూరులో మా ఇంటికే వచ్చి ఛాతీకి బెల్టు, ముక్కు కింద సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు పెట్టిపోయాడు. అమ్మ రాత్రంతా మేలుకొని ఆ బెల్టునే చూస్తా కూర్చుంది. గురక ఆగిపోతుంది, ఊపిరి ఆగిపోతుంది, బెల్టు మాత్రం కదులుతానే ఉంటుంది, ఒక్కసారిగా మళ్లీ గాలి తీసుకుంటాడు. రిపోర్టులో ఊపిరి ఆగడం, తగ్గడం గంటకు 34 సార్లని వచ్చింది. 30 దాటితే తీవ్రమనే లెక్క. రిపోర్టు పేజీపేజీ విప్పి అమ్మకు అర్థమయ్యేలా చెప్పారు, అందుకు దణ్ణం పెట్టాలి.

నిద్రలో గొంతు మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపే మిషను సీప్యాప్, దాని మాస్కు దగ్గరే ఇబ్బంది పెట్టారు. పెద్ద సైజు ఇచ్చేశారు. పక్కనుంచి గాలి కారి నాయన కళ్లు ఎర్రబడ్డాయి. మూడుసార్లు తిరిగితేగానీ మార్చలేదు. గుండె జబ్బు మనిషిని అన్నిసార్లు తిప్పడం తప్పు.

నెల రోజులుగా నాయనకు పొద్దున్నే వచ్చే తలనొప్పి లేదు. గుండె మాత్రలు మాత్రం ఆపలేదు. మీరు వెళితే, డబ్బు కట్టకముందే పడుకోబెట్టి మాస్కు పెట్టి చూపించమనండి.