ఏ ఆవును పంపాలి, ఏ పెయ్యను ఉంచాలి?

చిత్తూరు వైపు పాడి రైతులకు వేసవి ముందు ఒక టెన్షన్ ఉంటుంది. పాకలో ఆరు ఆవులకు చోటుంటే ఎనిమిది కట్టేసి ఉంటాయి. వేరుశనగ కట్టె వామి తరుగుతుంటుంది, బోరు సన్నగిల్లుతుంది. రెండింటిని పంపక తప్పదు. పాలు తక్కువ ఇచ్చేదాన్ని పంపేయడం అందరికీ తోచే పని. నేను మాత్రం పూట పాల కంటే ఈతకూ ఈతకూ మధ్య ఎన్ని రోజులు పట్టిందో ముందు చూడమంటాను.

ఒక హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) సంకర ఆవు ఈనిన కొత్తలో రోజుకు 18 లీటర్లు ఇస్తుందనుకుందాం. చూడి నిలవక, మళ్లీ మళ్లీ ఎదకొస్తూ, అంటే తిరగపొర్లుతూ 600 రోజులకు గానీ మళ్లీ ఈనదు. ఆ మొత్తం కాలంలో 4,200 లీటర్లు ఇచ్చినా, రోజుకు పడేది 7 లీటర్లే. పక్కన జెర్సీ సంకరం 14 లీటర్లు దాటదు, కానీ 390 రోజులకే ఈనుతుంది. ఈతకు 3,000 లీటర్లు ఇచ్చినా రోజుకు 7.7 పడుతుంది. మేత తక్కువ తింటుంది, వెన్న శాతం ఎక్కువ, దూడ ముందే చేతికొస్తుంది. రెండింట్లో ఒకదాన్నే ఉంచుకోవాలంటే నాకు జెర్సీయే మేలు.

అలాగని తిరగపొర్లే ఆవును వెంటనే తోలేయకండి. తప్పు చాలాసార్లు మన దగ్గరే ఉంటుంది. ఉదయం ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు ఉదయం సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. ఖనిజ లవణ మిశ్రమం పెడుతున్నామా? డాక్టరు గర్భసంచి పరీక్షించారా? ఏప్రిల్, మే ఎండల్లో హెచ్‌ఎఫ్‌కు చూడి నిలవడమే కష్టం, ఆ నెలల సూదులు లెక్కలోకి తీసుకోవద్దు. వైద్యం చేయించాక చల్లని నెలల్లో కూడా వరసగా మూడు ఎదల్లో సూది వేయించినా చూడి నిలవకపోతే అప్పుడు పంపే జాబితాలో రాసుకోండి.

ఒకే చన్నుకు పదేపదే పొదుగువాపు వచ్చే ఆవుదీ అదే దారి. కేవలం ఒక చన్ను ఎండిపోయి, మిగతా మూడూ బాగుంటే ఉంచుకోవచ్చు.

చూడి ఆరో నెల దాటాక ఈసుకుపోయిన (గర్భస్రావమైన) ఆవు సంగతి వేరు. బ్రూసెల్లోసిస్ అనే అంటురోగం కాదని రక్తపరీక్షలో తేలేదాకా దాన్ని విడిగా కట్టండి, సంతకు తోలొద్దు. ఆ రోగం ఇంకొకరి పాకకే కాదు, మాయ ముట్టుకున్నవాళ్లకు, పచ్చిపాలు తాగినవాళ్లకు కూడా అంటుకుంటుంది.

ఇక పెయ్యలు. నిగనిగలాడే ఒళ్లు, మంచి ఎత్తు చూసి ఎంచుకుంటాం. నేనైతే తల్లి ఎన్నాళ్లకొకసారి ఈనిందో, పొదుగు ఎంత గట్టిగా నిలిచిందో ముందు అడుగుతాను. ఎంత అందంగా ఉన్నా ఒక్క పెయ్యను మాత్రం పాడికి ఉంచొద్దు: కోడెదూడతో కవలగా పుట్టినది. అలాంటివాటిలో నూటికి తొంభై దాకా గొడ్డువే అవుతాయి.

తర్వాత చూడాల్సింది ఎదుగుదల. వయసు వచ్చిందని సూది వేయించడం కంటే బరువు చూసి వేయించడం మేలు. జెర్సీ సంకరానికి 220–250 కిలోలు రావాలి, హెచ్‌ఎఫ్‌కు ఇంకొంచెం ఎక్కువ. కాటా అక్కర్లేదు. ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ ఒంటి పొడవుతో (అదీ అంగుళాల్లోనే) గుణించి, 660తో భాగిస్తే కిలోలు తెలుస్తాయి. చుట్టుకొలత 58, పొడవు 45 అయితే సుమారు 229 కిలోలు. నట్టల మందు, దాణా సరిగ్గా అందుతున్నా రెండేళ్లకు కూడా ఈ బరువు రాని పెయ్య మీద ఇంకో ఏడాది మేత పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

ముసలి ఆవుకూ మంచి పెయ్యకూ మధ్య తేల్చుకోవాల్సి వస్తే? పెయ్య మొదటి ఈతలో తల్లి అంత ఇవ్వదు, పాలు పెరిగేది మూడు, నాలుగు ఈతల్లో. కాబట్టి ఏటా ఈనుతున్న ఆరో ఈత ఆవును తొందరపడి పంపొద్దు. చూడి కట్టించిన పెయ్యకు ఎప్పుడైనా గిరాకీ ఉంటుంది. డబ్బు అవసరమైతే అలాంటి రెండు పెయ్యల్లో ఒకదాన్ని అమ్మడమే నయం.

గేదెల్లా కాదు, ఆవు వట్టిపోయాక కొనేవాళ్లు దొరకరు. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం గోవధ నిషేధం, అంటే పంపేది ఇంకో రైతు ఇంటికో, గోశాలకో. కాబట్టి పంపాలనుకున్నదాన్ని పాలమీద ఉండగానే అమ్మండి. ఎన్ని సూదులు వేయించారో, ఏ చన్నుకు వాపు వచ్చిందో కొనేవాళ్లకు చెప్పి అమ్మండి. తెలిసి కొన్న రైతు దానికి తగ్గ ధర కట్టుకుంటాడు, వైద్యం కూడా ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.