పేపర్ నెగెటివ్‌తో 4×5: చాలాకాలం వాడాక

నల్గొండ ఎండలో పేపర్ నెగెటివ్ పనికొస్తుందా అంటే, వస్తుంది. మిట్ట మధ్యాహ్నం మాత్రం కెమెరా బయటికి తీయకండి. 4×5 అంగుళాల పెద్ద కెమెరాకు ఫిల్మ్ పెట్టే హోల్డర్‌లో ఫిల్మ్ బదులు ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) ఫొటో పేపర్ కత్తిరించి పెట్టి, కాగితం మీదే నెగెటివ్ తీసుకోవడమే ఈ పద్ధతి. ఫిల్మ్ కన్నా చాలా చవక. ఎర్ర బల్బు వెలుగులో బొమ్మ తేలడం చూస్తూ డెవలప్ చేసుకోవచ్చు.

నేను మల్టీగ్రేడ్ (ఫిల్టర్‌తో వెలుగునీడల తేడా మార్చుకోగల) పేపర్‌ను ఐఎస్ఓ 6 లెక్కన, అంటే వెలుగుకు చాలా నెమ్మదిగా స్పందించేదిగా, వాడతాను. మంచి ఎండలో లెన్సు రంధ్రాన్ని ఎఫ్/22కి చిన్నది చేస్తే సెకనులో మూడో వంతు, చెట్టునీడన రెండు మూడు సెకన్లు. నీడలో తీసేదానికి షట్టర్ లేని పాత లెన్సూ సరిపోతుంది, మూత తీసి పెట్టడమే. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మండపంలో అయితే నిమిషాలు పడుతుంది. అక్కడి నీడే పగలంతా కదలదంటారు, మనకేం తొందర!

అసలు తలనొప్పి కాంట్రాస్ట్, అంటే వెలుగునీడల తేడా. ఎండలో తెల్లగోడ మాడిపోతుంది, అరుగు కింద అంతా నల్లటి ముద్ద. అందుకే హోల్డర్‌లో పెట్టేముందు కాగితానికి బాగా మసక వెలుగు ఒకట్రెండు సెకన్లు చూపిస్తాను. దీన్నే ప్రీఫ్లాష్ అంటారు. ఎంతసేపన్నది ముందు ఒక ముక్క మీద తేల్చుకోవాలి: డెవలప్ చేస్తే బూడిదరంగు కనపడీ కనపడకుండా ఉండే చోటే హద్దు. ఇది చేస్తే నీడల్లో కిటికీ చువ్వలు కూడా దొరుకుతాయి. లెన్సుకు పసుపు ఫిల్టర్ పెడితే కాంట్రాస్ట్ ఇంకొంచెం మెత్తబడుతుంది, ఎక్స్‌పోజర్ (వెలుగు పడే సమయం) మాత్రం పెంచాలి.

ఈ కాగితానికి ఎరుపు ఆనదు. పాలమూరు ఎర్రచెల్క ప్రింట్‌లో నల్లరేగడి అయిపోతుంది, నీలాకాశం తెల్లకాగితమే. మనుషుల ఒంటిరంగు ముదురుతుంది, ముడతలు లోతుగా తేలతాయి. మా వాడకట్టు అవ్వ తన ఫొటో చూసి "గింత నల్లగ తీసినవేంది బిడ్డా, బొట్టేది?" అంది. కుంకుమ బొట్టు నుదుటి ఛాయలో కలిసిపోయింది మరి. నాకు మాత్రం ఆ ముఖమే నచ్చింది. పెళ్లిచూపుల ఫొటోలకు మాత్రం వద్దు.

వేసవిలో డెవలపర్ ట్రేని ఐసు వేసిన పెద్ద తొట్టిలో పెట్టాలి. నీళ్లు వేడెక్కితే బొమ్మ గబగబా నల్లబడి చేయిదాటిపోతుంది.

ప్రింటుకు నెగెటివ్, కొత్త కాగితం రెండింటి మందు పూతలను ఎదురెదురుగా పెట్టి, పైన అద్దం బరువుంచి కాంటాక్ట్ ప్రింట్ తీస్తాను. నెగెటివ్ కాగితం నార కొంచెం కనిపిస్తుంది. అది గిట్టనివాళ్లు నెగెటివ్‌ను స్కాన్ చేసి కంప్యూటర్‌లో నలుపుతెలుపులు తిరగేసుకోవచ్చు.