సింగపూర్ బస్సుల్లో ఒకే కార్డు: బాగుంది, కానీ ఏ కార్డో చూసుకోవాలి

సింగపూర్‌లో సిటీ బస్సులు నడిపే సంస్థలు నాలుగు: ఎస్‌బీఎస్ ట్రాన్సిట్, ఎస్‌ఎంఆర్‌టీ, టవర్ ట్రాన్సిట్, గో-ఎహెడ్. ఏ బస్సు ఎవరిదో మనం పట్టించుకోనక్కర్లేదు. ఒకరి బస్సు దిగి ఇంకొకరి బస్సో మెట్రోనో ఎక్కినా ఛార్జీ మళ్లీ మొదటి నుంచి పడదు, కిలోమీటర్లన్నీ కలిపి లెక్కేస్తారు. 2016లో మొదలైన కాంట్రాక్టు పద్ధతిలో టికెట్ డబ్బు ప్రభుత్వానికి పోతుంది, సంస్థలకు బస్సులు నడిపినందుకు రుసుము ముడుతుంది. ఇక వాటాల పేచీకి తావెక్కడిది?

ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రీడర్‌కి కార్డు తాకించాలి. దిగేటప్పుడు మర్చిపోతే ఆ రూటు చివరి స్టాపు దాకా వసూలు చేస్తారు. బస్సు మారడానికి 45 నిమిషాల గడువు ఉంటుంది. ఒక ప్రయాణంలో ఐదుసార్లు మారొచ్చు గానీ మొత్తం 2 గంటల్లో అయిపోవాలి. మధ్యలో దిగి కూరగాయలు కొనుక్కుని మళ్లీ అదే నంబరు బస్సెక్కితే మాత్రం కొత్త ప్రయాణమే, గడువు మిగిలున్నా సరే.

ఎక్కువమంది దెబ్బతినేది ఫోన్ దగ్గర. ప్లాస్టిక్ కార్డుతో ఎక్కి, అదే కార్డున్న ఫోన్‌తో దిగబోతే యంత్రం లెక్కలో అవి రెండు వేర్వేరు కార్డులు. కార్డేమో ఇంకా బస్సులోనే ఉన్నట్టు. దేనితో ఎక్కితే దానితోనే దిగండి. రెండు కార్డులున్న పర్సును అలాగే ఆనించొద్దు, కావలసింది బయటికి తీయండి. ఇద్దరికి ఒకే కార్డు కుదరదు, మనిషికొకటి ఉండాలి.

అసలు లోపం సింప్లీగో అనే కొత్త రకం ప్రయాణ కార్డుది. అంతకుముందు నుంచీ ఉన్న పాత రకం ఈజీ-లింక్ కార్డు తాకిస్తే ఎంత కోశారో, ఎంత మిగిలిందో రీడర్ మీదే కనిపిస్తుంది. సింప్లీగోలో లెక్క సర్వర్‌లో ఉంటుంది కాబట్టి బస్సు రీడర్ ఆ అంకెలు చూపదు, యాప్‌లో చూసుకోవాలి. 2024 జనవరిలో పాత కార్డులు తీసేస్తామంటే జనం గొడవ చేసింది ఇందుకే. అదే నెల 22న ప్రభుత్వం వెనక్కి తగ్గి, పాత వ్యవస్థను నడపడానికి 4 కోట్ల సింగపూర్ డాలర్లు కేటాయించింది. ఫోన్‌తో కుస్తీ పట్టలేని పెద్దవాళ్లుంటే పాత కార్డు మార్చకండి. యాప్ అలవాటున్నవాళ్లకు సింప్లీగో హాయి, పోయిన కార్డును ఫోన్‌లోంచే ఆపేయొచ్చు.

ఇండియా నుంచి వెళ్లేవాళ్లు వీసా, మాస్టర్‌కార్డ్ నేరుగా తాకించొచ్చు. ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి, మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. విదేశీ కార్డుకు వాడిన ప్రతి రోజూ 60 సెంట్లు అదనం, పైన మీ బ్యాంకు మారకపు రుసుము. రెండు మూడు రోజులకైతే ఫర్వాలేదు, వారం దాటితే అక్కడి కార్డు కొనుక్కోవడమే నయం. నగదుతో ఎక్కితే చిల్లర తిరిగివ్వరు, బస్సు మారినప్పుడు తగ్గింపూ రాదు.