చిత్రం పోయినా మాట నిలవాలి: పదమూడేళ్ల ఇంటర్నెట్ కాల్స్ తర్వాత

మావారు 2011లో రియాద్ వెళ్లారు, 2019లో దుబాయ్‌కి మారారు, 2024లో అన్నీ సర్దుకొని మెట్‌పల్లికి తిరిగి వచ్చారు. ఈ పదమూడేళ్లలో ఇంటికి స్లాబు వేయడం, అత్తమ్మ కంటి ఆపరేషన్, బాబు ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలనే తర్జనభర్జన, చివరకు మా ఇద్దరి అలకలు కూడా ఇంటర్నెట్ కాల్స్ మీదే నడిచాయి. స్కైప్‌తో మొదలుపెట్టి ఇమో, వాట్సాప్, బోటిమ్, జూమ్, గూగుల్ మీట్ దాకా వాడాను. నేను ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిని కనుక, కాల్ తెగినప్పుడల్లా యాప్‌ను తిట్టి ఊరుకోకుండా ఎందుకు తెగిందో తెలుసుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఏ యాప్‌లో బొమ్మ బాగుంటుందని మా వాడలో చాలామంది అడుగుతుంటారు. నెట్ బాగున్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. నెట్ సన్నగిల్లినప్పుడు ఏది దేన్ని ముందుగా వదులుకుంటుంది అన్నదే నా కొలబద్ద. బొమ్మను వదిలేసి మాటను నిలబెట్టే యాప్ మంచిది. బొమ్మను కాపాడబోయి మాటను మింగేసేది ఎంత అందంగా ఉన్నా మా ఇంటికి పనికిరాలేదు.

మొదటి రెండేళ్లు మా కాల్స్ అన్నీ నెట్ సెంటర్ నుంచే. హెడ్‌సెట్ చెవులకు తగిలించుకొని, పక్క సీట్లోని వాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించి, శుక్రవారం వాళ్లకు సెలవు కనుక ఆ రోజు సాయంత్రమే మాట్లాడేదాన్ని. అప్పట్లో మాకు తెలిసింది స్కైప్ ఒక్కటే. 2003 ఆగస్టులో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌ను రాసినవాళ్లు ఎస్టోనియా ఇంజనీర్లు. తొలి ఏళ్లలో అది పెద్ద సర్వర్ల మీద కాకుండా వాడుకరుల కంప్యూటర్లనే ఒకదానికొకటి వంతెనలుగా చేసుకొని కాల్స్ నడిపేది. 2011లో మైక్రోసాఫ్ట్ దాన్ని 850 కోట్ల డాలర్లకు కొన్నది, 2025 మే 5న మూసేసింది. అయినా స్కైప్ గొంతు పూర్తిగా పోలేదు. మాటను కుదించడానికి స్కైప్ తయారుచేసుకున్న సిల్క్ అనే పద్ధతిని మరో పద్ధతితో కలిపి 2012లో ఓపస్ అనే ప్రమాణాన్ని రూపొందించారు. బ్రౌజర్‌లోనే కాల్ మాట్లాడుకోవడానికి వీలు కల్పించే వెబ్‌ఆర్‌టీసీ ప్రమాణం ప్రకారం ప్రతి బ్రౌజర్‌కూ ఓపస్ తెలిసి ఉండాలి.

ఫోన్ మన మాటను ఒక తీగలాగా సాగదీసి పంపదు, ముక్కలుగా కోసి పంపుతుంది. సాధారణంగా ఒక్కో ముక్క 20 మిల్లీసెకన్ల నిడివి, అంటే సెకనుకు 50 ముక్కలు. పాత టెలిఫోన్ పద్ధతిలో మాటకు సెకనుకు 64 కిలోబిట్లు పట్టేది. ఓపస్ 24 కిలోబిట్లలోనే అంతకంటే నిండైన గొంతును వినిపించగలదు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, ఆ లెక్కన ఒక్కో ముక్కలో మాట 60 బైట్లు. దాని మీద రాసే చిరునామా, వరుస సంఖ్య వంటివి మరో 40 బైట్లు. ఉత్తరానికీ కవరుకూ దాదాపు సమానమైన బరువన్నమాట. ఇవన్నీ కలిపినా గంటసేపటి మాటకు ఒక వైపు సుమారు 18 మెగాబైట్లే ఖర్చవుతాయి. అదే వీడియో సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వెళ్తే గంటకు ఒక వైపే 450 మెగాబైట్లు. 2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా డేటాను ఉప్పులా కొలిచి వాడుకున్న మాకు ఈ తేడా బాగా తెలుసు. కుశల ప్రశ్నలకు మాట చాలు, బాబు పుట్టినరోజుకు మాత్రం వీడియో అని పెట్టుకున్నాం.

దారిలో ఒక ముక్క పోతే యాప్ ఏం చేస్తుందన్నది అసలు సంగతి. వెబ్‌పేజీలు, మెయిళ్లు నడిచే టీసీపీ పద్ధతిలో పోయిన ముక్కను మళ్లీ తెప్పించుకుంటారు. కాల్‌కు అది కుదరదు. ‘అన్నం తిన్నవా’ అన్న మాటలో ఒక అక్షరం మూడో సెకనులో తీరిగ్గా వచ్చిందంటే, పెండ్లి అయిపోయాక వచ్చిన డప్పులాంటిదే. అందుకే కాల్స్ ఎక్కువగా యూడీపీ పద్ధతిలో వెళ్తాయి. పోయిన ముక్కను పోనిచ్చి, ముందు వెనుక ముక్కలను బట్టి ఆ ఖాళీని యాప్ తానే పూడ్చుకుంటుంది. ఒకటి రెండు ముక్కలు పోతే మనకు తెలియనే తెలియదు. వరుసగా చాలా పోయినప్పుడే గొంతు మరమనిషి గొంతులా మారుతుంది.

ముక్కలన్నీ చేరినా ఒకే ఎడంతో చేరవు. ఒకటి తొందరగా, మరొకటి ఆలస్యంగా వస్తాయి కనుక యాప్ వాటిని కొద్దిసేపు నిలువబెట్టి, వరుసలో సర్ది వినిపిస్తుంది. ఈ నిలువ తక్కువైతే మాట తుంపులవుతుంది. ఎక్కువైతే మాట నునుపుగా ఉంటుంది కానీ ఆలస్యమవుతుంది. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు. అది అరసెకను దాటితే ఏమవుతుందో నేను అనుభవించాను. ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం, ఇద్దరం ఒకేసారి ఆగుతాం, ‘నువ్వు చెప్పు’ అంటే ‘నువ్వే చెప్పు’ అనుకుంటాం. నేను అడిగిన ప్రశ్నకు ఆయన ఆలోచించి జవాబిస్తున్నారని, ఏదో దాస్తున్నారని అనుమానపడి ఒకసారి మూడు రోజులు మాట్లాడలేదు. ఆ ఆలస్యం ఆయనది కాదని తర్వాత తెలిసింది.

అత్తమ్మది వేరే కథ. వీడియో కాల్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె ఫోన్‌ను చెవికే ఆనించుకునేది. అవతల కొడుకుకు ఏళ్ల తరబడి తల్లి చెవి, చెవికున్న గంటీలు తప్ప ముఖం కనబడలేదు. ‘కొడుకా, మాట ఇనవడ్తున్నది, సాలు’ అనేది. సరేనని ఫోన్‌ను గోడకు ఆనించి స్పీకర్ పెడితే, తన గొంతు తనకే తిరిగి వినిపిస్తున్నదని ఆయన విసుక్కునేవారు. ఆ విసుగంతా చాలాకాలం రియాద్‌లోని ఫోన్ మీద పోయింది, ఆయన రెండుసార్లు హెడ్‌ఫోన్ కూడా మార్చారు. మన గొంతు మనకే ప్రతిధ్వనిస్తే తప్పు సాధారణంగా మన ఫోన్‌ది కాదు, అవతలిది. మెట్‌పల్లిలో స్పీకర్ నుంచి వచ్చిన ఆయన మాటను ఇక్కడి మైకే పట్టుకొని మళ్లీ పంపేది. యాప్‌లలో దీన్ని తుడిచేసే ఏర్పాటు ఉంటుంది కానీ, బండలు పరిచిన ఖాళీ గదిలో, శబ్దం గరిష్ఠంగా పెట్టిన చవక ఫోన్‌తో అది కూడా చేతులెత్తేస్తుంది. శబ్దాన్ని సగానికి తగ్గించి, ఫోన్‌ను పరుపు మీద పెట్టగానే సమస్య తీరింది. ఇంతకంటే చవకైన మరమ్మతు నా జీవితంలో చేయలేదు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది బతుకమ్మ. 2020లో దుబాయ్‌లో ఉన్న ఆయన సద్దుల బతుకమ్మ నాడు వీడియోలో చూస్తానన్నారు. నేను ఫోన్ పట్టుకొని ఆడవాళ్ల వలయం పక్కనే నిలుచున్నాను. చుట్టూ చప్పట్లు, ‘ఉయ్యాలో’ అన్న పల్లవి చెవులు దద్దరిల్లేలా ఉన్నా, ఆయనకు మాత్రం నీళ్లలో మునిగి పాడుతున్నట్టు వినిపించిందట. ఎందుకంటే యాప్‌లోని శబ్ద నివారణ ఒక మనిషి మాటను మాత్రమే మాటగా గుర్తించి, మిగిలినదాన్ని ఫ్యాన్ హోరులాగా, ట్రాఫిక్ రొదలాగా కోసేస్తుంది. పాతికమంది గొంతులు, చప్పట్లు దాని లెక్కలో రొద కిందికే వస్తాయి. బొమ్మ కూడా గళ్లుగళ్లుగా చెదిరింది. వీడియో కుదింపులో మొదట పూర్తి చిత్రం ఒకటి పంపి, ఆ తర్వాత మారిన భాగాలను మాత్రమే పంపుతారు. కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషిలో పెదవులు, కళ్లు తప్ప పెద్దగా మారేదేమీ ఉండదు కనుక అది తక్కువ డేటాలో చక్కగా వెళ్తుంది. తంగేడు, గునుగు, బంతి పూల మధ్య రంగురంగుల చీరలు గుండ్రంగా తిరుగుతుంటే ప్రతి క్షణం అంతా మారిపోతుంది. దాన్ని మోసే బలం వీధిలోని సిగ్నల్‌కు లేదు. అప్పటి నుంచి బతుకమ్మను కాల్‌లో చూపించడం మానేశాం. రికార్డు చేసి, ఇంటికి వచ్చాక వైఫైలో పంపేదాన్ని. జూమ్‌లో సంగీతకారుల కోసం అసలు శబ్దాన్ని కోయకుండా పంపే అమరిక ఉన్నదని తర్వాత తెలుసుకొని బాబు మేనత్తల భజన పాటలకు వాడి చూశాను, తేడా స్పష్టంగా ఉంది. అన్ని యాప్‌లూ అలాంటి మీటను పైకి కనబడేలా పెట్టాలి.

గల్ఫ్‌కు కాల్ చేసేవారు యాప్‌ను ఎంచుకునే ముందు ఆ దేశపు నియమం తెలుసుకోవాలి. సౌదీ అరేబియా ఇంటర్నెట్ కాల్స్ మీద ఉన్న నిషేధాన్ని 2017 సెప్టెంబరులో ఎత్తేసింది. ఎమిరేట్స్‌లో మాత్రం అనుమతి పొందిన యాప్‌లతోనే కాల్స్ చేయాలి. అక్కడ వాట్సాప్‌లో సందేశాలు వెళ్తాయి, కాల్స్ కలవవు. అందుకే దుబాయ్ ఏళ్లన్నీ మేము నెలవారీ ప్యాకేజీతో బోటిమ్ వాడాం. దొడ్డిదారి యాప్‌లు వేసుకొమ్మని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. వీసా మీద బతికే మనిషికి ఆ సలహా ఇవ్వడం నాకు నచ్చదు.

నియమం అనుమతించినా దారి దొరకడం మరో సమస్య. కార్మికుల క్యాంపులో వందమంది ఒకే రౌటర్ వెనుక ఉంటారు, ఇక్కడ మొబైల్ కంపెనీ వేల ఫోన్లను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచుతుంది. రెండు ఫోన్లకూ బయటి ప్రపంచానికి కనబడే సొంత చిరునామా లేనప్పుడు, బయటి సర్వర్ ఒకటి ‘నువ్వు ఇలా కనబడుతున్నావు’ అని రెండింటికీ చెప్పి నేరుగా కలపడానికి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే ముక్కలన్నీ మధ్యలోని సర్వర్ మీదుగా వెళ్తాయి. ఆ సర్వర్ దూరంగా ఉంటే ఆలస్యం పెరుగుతుంది. రింగ్ అయ్యాక రెండు మూడు సెకన్లు ‘కనెక్టింగ్’ అని కనబడే సమయంలో జరిగే తతంగంలో ఇదీ ఒక భాగం.

కరోనా కాలంలో పాఠాలు ప్రధానంగా 2020 సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్లలో వచ్చేవి. సందేహాల కోసం నేను విడిగా మీట్ పెట్టేదాన్ని. బృంద కాల్స్ గురించి ఒక్క మాట: ఇరవైమంది ఉన్నా నా ఫోన్ ఇరవై ప్రతులు పంపదు, ఒక్కటే సర్వర్‌కు పంపితే అది అందరికీ పంచుతుంది. డౌన్‌లోడ్ భారం మాత్రం పెరుగుతుంది కనుక పిల్లలను కెమెరాలు ఆపేయమని చెప్పడం మర్యాదలేని పని కాదు.

ఇక ఇంటి లోపలి సంగతి. మా ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన ఆపరేటర్ ఎప్పుడూ డౌన్‌లోడ్ వేగమే చెప్పేవాడు. కాల్‌కు అప్‌లోడ్ కూడా అంతే ముఖ్యం. మనకు అవతలివారు స్పష్టంగా కనబడుతూ, వాళ్లకు మనం చెదిరి కనబడితే లోపం సాధారణంగా అక్కడే. రౌటర్ హాల్లో, అత్తమ్మ మంచం రెండు మట్టిగోడల అవతల. కాల్ కోసం మంచాన్ని జరపలేం కనుక రౌటర్‌నే జరిపాం. కరెంటు పోగానే ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకు మారుతుంది, చిరునామా మారిపోతుంది, కాల్ కొన్ని సెకన్లు మూగబోతుంది. రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొన్న తర్వాత ఎండాకాలం కాల్స్ కుదుటపడ్డాయి. ఏ కొత్త యాప్ తెచ్చిన మెరుగు కంటే ఆ డబ్బాతో వచ్చిందే ఎక్కువ.

నా కొలబద్దకు నిలిచినవాటిలో మా ఇంట్లో ఇప్పుడు మిగిలింది వాట్సాప్, బడి పనికి మీట్. వాట్సాప్ కాల్స్ ఈ కొస నుంచి ఆ కొసకు సంకేతంలోనే వెళ్తాయి, మధ్యలోని సర్వర్‌కు వాటిని వినడం సాధ్యం కాదు. అంతకంటే నాకు ముఖ్యమైనది, నెట్ తగ్గినప్పుడు బొమ్మను మసకబార్చి, చివరకు ఆపేసి, మాటను వదలకపోవడం. మధ్యలో వాడిన ఒక యాప్ ప్రకటనలతో, తెలియనివారి పిలుపులతో విసిగించేది. అందులో మాట ఎంత బాగున్నా తీసేశాను.

బాబు ఇప్పుడు హన్మకొండలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. రాత్రి తొమ్మిదికి కాల్ వస్తుంది. మావారు ఫోన్‌ను పరుపు మీద పెట్టి శబ్దం సగానికి తగ్గించేలోపే, అత్తమ్మ దాన్ని లాక్కొని చెవికి ఆనించుకుంటుంది. మనవడికి కూడా గంటీలే కనబడుతున్నాయి.